ఇసుకలో దొరికిన వెండి: స్పానిష్ నాణేలను చదివే పద్ధతి

ఒక కావ్యం ఎప్పటిదో తేల్చడానికి తెలుగు ఎం.ఏ. తరగతిలో మనకు రెండు దారులు నేర్పుతారు. గ్రంథం లోపల దొరికే సాక్ష్యం ఒకటి, బయట దొరికే సాక్ష్యం మరొకటి. అవతారికలో కృతిపతి వంశం, ఆశ్వాసాంత గద్యలో కవి చెప్పుకున్న సంగతులు, తాళపత్రం చివర లేఖకుడు రాసిన సంవత్సరం, తరవాతి లాక్షణికులు ఉదాహరించిన పద్యాలు. వీటిని పక్కపక్కన పెట్టి ఒక నిర్ణయానికి వస్తాం. ఈ పద్ధతి పుస్తకాలకే కాదు, లోహానికీ పనికొస్తుంది. నేను ఇక్కడ తీసుకున్న లోహం స్పెయిన్ సామ్రాజ్యం అమెరికా ఖండాల్లో అచ్చువేయించిన వెండి నాణెం.

సాహిత్య విమర్శ పత్రికలో నాణేల గొడవ ఎందుకని అడిగేవాళ్ళుంటారు. రెండు కారణాలున్నాయి. మొదటిది, ఈ నాణేల గురించి విరివిగా అమ్ముడుపోయే రచనలన్నీ నిధివేట రచనలే. తుపాను, మునిగిన ఓడ, ఒక సాహసి, మెరిసే వెండి, ఆ తరవాత వేలంపాట. ఆ కథల్లో వెండి సముద్రంలోనే పుట్టినట్టుంటుంది. రెండోది మన వైపు లోపం. వలస దోపిడీ గురించి మాట్లాడేటప్పుడు మనవాళ్ళు విశేషణాలు ధారాళంగా వాడతారు గాని, వస్తువును చేతిలోకి తీసుకుని తూచి చూడరు. దోపిడీ ఎలా జరిగిందో చూపించగల వస్తువు ఎదురుగా ఉండగా దాన్ని పక్కన పెట్టి ఉపన్యాసానికి దిగడం విమర్శకుడి పని కాదని నా అభిప్రాయం.

ముందు దొరికిన సంగతి చెబుతాను. 1715 జూలై 24న స్పెయిన్ వెండి ఓడలు హవానా రేవు విడిచాయి. మెక్సికో సరుకు ఎక్కించుకున్న ఓడలు, దక్షిణ అమెరికా సరుకు ఎక్కించుకున్న ఓడలు కలిసి ఒకే బిడారుగా బయలుదేరాయి. స్పెయిన్ సింహాసనం కోసం పదమూడేళ్ళు సాగిన యుద్ధం అప్పుడే ముగిసింది. ఖజానాకు వెండి అవసరం. తుపాన్ల కాలమైనా ఓడలు కదిలాయి. జూలై 31 తెల్లవారుజామున ఫ్లోరిడా తూర్పు తీరంలో పదకొండు స్పానిష్ ఓడలు పగిలి మునిగాయి. దాదాపు వెయ్యిమంది చనిపోయారు. వెంట వచ్చిన ఫ్రెంచి ఓడ ఒక్కటే బయటపడింది. స్పెయిన్ అధికారులు ఒడ్డున గుడారాలు వేయించి, ఈతగాళ్ళను దించి, చేతికి అందినంత వెండి పైకి తీయించారు. అందనిది ఇసుక కింద ఉండిపోయింది.

రెండో ప్రపంచయుద్ధం తరవాత ఆ తీరంలో స్థిరపడిన కిప్ వాగ్నర్ ఇళ్లు కట్టే కాంట్రాక్టరు. పెద్ద గాలివాన వెళ్ళాక ఒడ్డున నల్లటి వెండి బిళ్ళలు దొరుకుతాయని స్థానికులు చెప్పగా విని, యుద్ధంలో వాడి సైన్యం అమ్మేసిన మందుపాతర శోధక యంత్రం ఒకటి సంపాదించి వెతకడం మొదలుపెట్టాడు. ఇతనిలో నాకు నచ్చింది అదృష్టం కాదు, చదివే తీరు. దొరికిన నాణేల మీద తేదీలు చూసి, వాటిలో ఒక్కటి కూడా 1715 తరవాతిది కాదని గమనించాడు. అప్పటికి అతనికి ఓడ కనిపించలేదు, పత్రం కనిపించలేదు. ఒక సంకలన గ్రంథంలో ఉదాహరించిన కవుల్లో అందరికన్నా తరవాతివాడు ఎవరో చూసి సంకలనకాలం నిర్ణయించడం మనకు అలవాటైన పనే; అతను చేసిందీ అదే. బయటి సాక్ష్యం తరవాత దొరికింది. బెర్నార్డ్ రోమన్స్ 1775లో ప్రచురించిన ఫ్లోరిడా గ్రంథాన్ని అతని మిత్రుడు డాక్టర్ కెల్సో వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో వెతికి పట్టుకున్నాడు. 1715 ఓడలు ఎక్కడ పోయాయో ఆ పుస్తకంలోని పటంలో గుర్తు ఉంది. ఆ మీదట వాగ్నర్ ఇసుకదిబ్బల వెనక యంత్రం పట్టుకు తిరిగి, ఈతగాళ్ళ గుడారాలు వేసిన చోటు కనిపెట్టాడు.

యంత్రం గురించి రెండు ముక్కలు చాలు. తీగచుట్టలో దిశ మారే విద్యుత్తు పారుతుంటే చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ఆ క్షేత్రంలోకి లోహం వస్తే దానిలో చిన్న సుడి ప్రవాహాలు పుడతాయి. అవి కలిగించే మార్పును యంత్రం చప్పుడుగా వినిపిస్తుంది. టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ ఒంట్లో దిగిన తుపాకి గుండును వెతకడానికి ఇలాంటి పరికరమే కట్టాడు, గుండు మాత్రం దొరకలేదు. పరుపులోని ఉక్కు స్ప్రింగులు పరికరాన్ని తికమక పెట్టాయంటారు. వెండి విద్యుత్తును మిగతా లోహాలన్నిటికన్నా బాగా ప్రసరింపజేస్తుంది గనక గట్టిగానే పలుకుతుంది. ఐతే యంత్రం చెప్పేది లోహం ఉందని మాత్రమే. అది సోడా సీసా మూతా, రాజుగారి నాణెమా అన్నది తవ్వి తీసి చదివేవాడు తేల్చుకోవాలి.

ఈ చదువులోకి నన్ను దింపినవాడు నా పాత విద్యార్థి. ఇప్పుడు ఫ్లోరిడాలో ఉద్యోగం. శని ఆదివారాలు సముద్రపొడ్డున ఈ యంత్రంతో తిరగడం అతనికి సరదా. అక్కడ నీళ్ళలో ఉన్న ఓడ శిథిలాల మీద కోర్టు హక్కులిచ్చినవాళ్ళు వేరే ఉన్నారు, పొడి ఇసుక మీద వెతుక్కోవడానికి మాత్రం సామాన్యులకూ అనుమతి ఉంది. ఒక తుపాను వెళ్ళాక తనకు దొరికిన బిళ్ళను నాలుగు కోణాల్లో ఫోటోలు తీసి, "మాస్టారూ, దీని మీద తేదీ లేదు, మీరు కవుల కాలం తేలుస్తారు కదా, దీని కాలం తేల్చండి" అని పంపాడు. ఎగతాళికే అన్నాడేమో తెలియదు గాని నేను ఊరుకోలేదు. ఆర్నెల్లపాటు దొరికిన పుస్తకాలన్నీ చదివాను.

ఆ బిళ్ళ గుండ్రంగా లేదు. గుండ్రంగా ఉండవలసిన పనీ లేదు. పదహారో శతాబ్దం నుంచి పద్ధెనిమిదో శతాబ్దం నడిమి దాకా అమెరికా టంకశాలల్లో వెండి కడ్డీని రేకుగా సాగగొట్టి, ముక్కలుగా నరికి, తూకం ఎక్కువైతే కత్తెరతో అంచు తీసేసి, రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవారు. స్పానిష్‌లో వీటిని మాకుకినా అనీ, ఇంగ్లీషులో కాబ్ అనీ అంటారు. రాజుకు కావలసింది తూకం, వన్నె, అందం కాదు. ఎనిమిది రెయాళ్ల నాణెం 27.47 గ్రాములు, వెయ్యి పాళ్లలో 930 పాళ్లు వెండి. 1497లో మెదీనా దెల్ కాంపో శాసనం నాటి నుంచి ఈ లెక్క 1728 దాకా కాగితం మీద మారలేదు. నాలుగు, రెండు, ఒకటి, అర రెయాళ్లు దానిలో భాగాలు. అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది, దెబ్బ వంకర. అందుకే అంచున ఉండవలసిన రాజు పేరు, తేదీ చాలా నాణేల మీద అసలు పడవు. రాజు పేరు కృతిపతి పేరు లాంటిదనుకుంటే, ఈ ప్రతుల్లో అవతారికే చిరిగిపోయిందన్నమాట.

మరి దేన్ని బట్టి గుర్తుపట్టాలి? మా వాడి బిళ్ళ తూకం 5.9 గ్రాములు. రెండు రెయాళ్లు నిండుగా ఉంటే 6.87 ఉండాలి. ఉప్పునీళ్ళలో మూడు వందల ఏళ్ళు ఉన్న వెండి పైపైన గంధకంతో కలిసి నల్లబడి, రాలి, తరుగుతుంది. అంచేత రెండు రెయాళ్లే. ఒక వైపు సిలువ ఉంది, దాని కొనల్లో గుండ్లు. అది మెక్సికో పనితనం. పొతోసిలో కొట్టిన సిలువ కొనలు వేరుగా ఉంటాయి, నాలుగు సందుల్లో కాస్తీల్ రాజ్యపు కోటలు, లెయోన్ రాజ్యపు సింహాలు కనిపిస్తాయి. రెండో వైపు రాజచిహ్నపు డాలు. డాలుకు ఎడమ పక్క "ఎం" అక్షరం, దాని నెత్తిన చిన్న సున్న. అది మెక్సికో టంకశాల ముద్ర. దాని కింద "జె" అన్న అక్షరం. ఈ ఒక్క అక్షరం వన్నె చూసే అధికారిది. నాణెంలో చెప్పినంత వెండి ఉందని పూచీపడి అతను తన పేరులోని మొదటి అక్షరాన్ని అచ్చులో చెక్కించుకుంటాడు. క్షేత్రయ్య పదంలో మువ్వగోపాల ముద్ర ఎలాంటిదో ఇదీ అలాంటిది. అవతారిక లేకపోయినా ముద్ర ఉంటే కర్త దొరుకుతాడు. ఈ "జె" 1715కు ముందూ వెనకా కొన్నేళ్ళు మెక్సికోలో పనిచేసిన అధికారి. ముద్ర లోపలి సాక్ష్యం, దొరికిన తీరం బయటి సాక్ష్యం. 1715 ఓడల సరుకేనని, అప్పటికి కొద్ది ఏళ్ల లోపు అచ్చయిందేనని రాసి పంపాను.

అంతటితో ఊరుకోవచ్చు. నాణేలు సేకరించేవాళ్ళకు ఆ మాటతో పని తీరిపోతుంది, ధర నిర్ణయమైపోతుంది. నాకు మాత్రం ఆ అక్షరం దగ్గరే అనుమానం మొదలైంది. నాణెం మీద ఎవరెవరు సంతకం పెట్టారు? రాజు పెట్టాడు, టంకశాల పెట్టింది, వన్నె చూసినవాడు పెట్టాడు. సంతకం ఎందుకు పెట్టారు? వెండిని తవ్వినవాణ్ణి తలుచుకోవడానికి కాదు, ఒకరి మీద ఒకరికి నమ్మకం లేక.

ఈ మాటకు పొతోసిలో రుజువుంది. ఇప్పటి బొలీవియాలో సముద్రమట్టానికి 4,000 మీటర్ల ఎత్తున ఉన్న ఆ కొండలో 1545లో వెండి బయటపడింది. 1570ల్లో అక్కడే టంకశాల పెట్టారు. కొన్ని దశాబ్దాలు గడిచేసరికి పొతోసి నాణెంలో వెండి తగ్గుతోందని యూరప్ వర్తకులు పట్టుకున్నారు, పుచ్చుకోవడం మానేశారు. విచారణకు నెస్తారెస్ మారిన్ అనే అధికారిని పంపారు. 1649 నాటికి గుట్టు రట్టయింది. వెండి వ్యాపారి గోమెజ్ దె లా రోచా, వన్నె చూసే అధికారి రామిరెజ్ దె అరెల్యానో కుమ్మక్కై రాగి కలిపారు. ఇద్దరికీ మరణశిక్షలు పడ్డాయి. పాత నాణేల మారకాన్ని తగ్గించి కొత్త ముద్రలు కొట్టారు. 1652లో అచ్చునే మార్చేశారు. హెర్క్యులిస్ స్తంభాలు రెండు, వాటి కింద సముద్రపు అలలు. కొత్త అచ్చు మీద తేదీ, అధికారి అక్షరం, టంకశాల అక్షరం ఒక్కచోట కాదు, రెండుమూడు చోట్ల చెక్కించారు. బిళ్ళ ఎంత వంకరగా పడినా ఎక్కడో ఒకచోట బాధ్యుడు దొరకాలని. ఇవాళ సేకరించేవాళ్ళు పొతోసి నాణెం గుర్తుపట్టడం తేలిక అని సంతోషిస్తారు. ఆ తేలిక వెనక ఉన్నది పాలకులకు తమ నౌకర్ల మీద ఉన్న అపనమ్మకం.

రాగి కలిపినవాడికి మరణశిక్ష వేసిన రాజ్యం, ఆ వెండిని తవ్వించిన తీరుకు మాత్రం చట్టమే చేసింది. వైస్రాయి ఫ్రాన్సిస్కో దె తొలేదో 1570ల్లో మీతా పద్ధతిని కట్టుదిట్టం చేశాడు. మీతా అంటే వంతు. ఇంకాల కాలంలోనూ వంతుపని ఉండేది. దారులు వెయ్యడానికి, పొలాలు దున్నడానికి మనుషులు వంతుల వారీగా వచ్చేవారు, రాజ్యం వాళ్ళకు తిండీ బట్టా చూసేది. తొలేదో ఆ పేరు ఉంచి సరుకు మార్చాడు. పదహారు మండలాల నుంచి, పద్ధెనిమిది మొదలు యాభై ఏళ్ల లోపు మగవాళ్ళలో ఏడో వంతు చొప్పున, ఏటా సుమారు 13,500 మంది పొతోసికి రావాలి. తితికాకా సరస్సు ఒడ్డున ఉన్న చుకువితో నుంచి పెళ్ళాం పిల్లలతో, లామా జంతువుల మీద తిండి వేసుకుని వచ్చేవాళ్ళకు అది దాదాపు రెండు నెలల నడక. తెలంగాణలో వెట్టి గురించి చదివినవాళ్ళకు ఈ పద్ధతిని కొత్తగా వివరించనక్కర్లేదు. తేడా ఒకటుంది. మీతాలో కూలి ఇచ్చారు.

ఆ కూలిని ఇదే నాణెంతో కొలిచి చూద్దాం. గని లోపల దిగేవాడికి తొలేదో నిర్ణయించిన కూలి రోజుకు మూడున్నర రెయాళ్లు. సోమవారం హాజరు తీసుకోవడంలో పోగా వారానికి అయిదు రోజుల పని. మొత్తం పదిహేడున్నర రెయాళ్లు. అంటే ఎనిమిది రెయాళ్ల బిళ్ళలు రెండు, పైన ఒకటిన్నర రెయాలు. కాని వంతు మూడు వారాలకు ఒక వారమే. మిగతా రెండు వారాలు ఆ ఊళ్ళోనే, పంట పండని చలికొండ మీద, బయటి నుంచి తెచ్చి అమ్మే తిండి కొనుక్కుని బతకాలి. బతకడానికి మళ్ళీ కూలికి పోవాలి. వంతులో లేకుండా స్వేచ్ఛగా కుదిరిన కూలీలకు, వాళ్ళను మింగాలు అనేవారు, అదే పనికి ఇంతకన్నా చాలా ఎక్కువ ముట్టేది. ఆ రెండు కూలిరేట్ల మధ్య తేడా గని యజమానికి రాజు ఇచ్చిన బహుమతి. ఈ తేడాను యజమానులు ఎంత బాగా అర్థం చేసుకున్నారో చెప్పే మాట ఒకటి ఆనాటి పత్రాల్లో ఉంది. ఊరు మనిషిని పంపలేకపోతే మనిషికి బదులు డబ్బు కట్టాలి. గని యజమాని ఆ డబ్బుతో మింగాను పెట్టుకోకుండా జేబులో వేసుకునేవాడు. అలాంటి లేని మనుషులను జేబు ఇండియన్లు అనేవారు. పదిహేడో శతాబ్దం చివరికి వంతుకు వచ్చే మనుషులు మొదటి లెక్కలో దాదాపు మూడో వంతుకు పడిపోయారు. మీతా రద్దయింది 1812లో.

ఇక్కడొక మాట స్పష్టంగా చెప్పాలి. పొతోసి కొండ ఎనభై లక్షల మందిని మింగిందన్న లెక్క మన వ్యాసాల్లో, ఉపన్యాసాల్లో తరచుగా వినిపిస్తుంది. ఆ అంకెకు జనాభా పత్రాల ఆధారం లేదు. 1980ల్లో పీటర్ బేక్‌వెల్, జెఫ్రీ కోల్ లాంటివాళ్ళు రికార్డు గదుల్లో కూర్చుని వంతుల జాబితాలు, కూలిరేట్లు, ఫిర్యాదు పత్రాలు వెలికితీశాక ఆ అంకెను పట్టుకు వేళ్ళాడటం వల్ల మనకు ఒరిగేది లేదు. వాళ్ళు చూపించిన దానిలోనే, ఆ కూలి పత్రాల్లోనే, జేబు ఇండియన్ అన్న మాటలోనే దోపిడీ యంత్రాంగం మరలతో సహా కనిపిస్తుంది. ముడిరాయిని పొడిచేసి పాదరసంతో కలిపి వెండి తీసేవారు. ఆ పాదరసం పెరూలోని వాంకవెలికా గని నుంచి వచ్చేది, అక్కడా మీతాయే, అక్కడి కూలీలు పాదరసం విషంతో వణుకుతూ చచ్చారు. పొతోసి టంకశాలలో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు పనిచేశారు. మార్క్స్ పెట్టుబడి ఆదిమ సంచయనం గురించి రాస్తూ ఈ గనులను మొదటి వరసలో పెట్టాడు. అతను కూడా గాలిలో మాట్లాడలేదు.

ఈ మోసం కొండ దగ్గరే ఆగలేదు. 1728లో నాణెం తూకం 27.07 గ్రాములకు, వన్నె 917 పాళ్లకు తగ్గించారు. అది బాహాటంగా చేసిన పని. 1732 నుంచి మెక్సికోలో మరతో గుండ్రటి నాణేలు కొట్టడం మొదలైంది. అంచుకు కూడా నగిషీ వేశారు, ఎవడైనా గీకితే తెలిసేలా. జనం నమ్మారు. 1772లో మూడో కార్లోస్ రాజు పాత నాణేలను వెనక్కి రప్పించి, తన ముఖం చెక్కిన కొత్త అచ్చు తెప్పించాడు. అమెరికా వెండి మీద అంతకుముందు స్తంభాలూ డాళ్లే గాని రాజు ముఖం లేదు. ఆ ముఖంతో పాటే వన్నెను 903 పాళ్లకు తగ్గించాలని టంకశాలలకు రహస్యంగా ఉత్తర్వు వెళ్ళింది. 1786లో మళ్ళీ రహస్యంగా 896 పాళ్లకు దించారు. వన్నె తగ్గించినందుకు గోమెజ్ దె లా రోచాకు పడిన శిక్ష ఏమిటో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. తమాషా ఏమిటంటే, చైనా వర్తకులు ఈ ముఖపు నాణేన్నే అన్నిటికన్నా ఇష్టపడ్డారు, బుద్ధుడి తల అని పిలుచుకున్నారు. చేతికి వచ్చిన ప్రతి నాణెం మీదా తమ గుర్తు చిన్న ఉలితో కొట్టుకున్నారు. కొన్నిటి మీద ఈ గుర్తులు పడీ పడీ రాజు ముక్కూ మొహమూ కనిపించవు.

ఆ రేవుల్లో నాణెం పరీక్షించేవాణ్ణి ఇంగ్లీషువాళ్ళు ష్రాఫ్ అనేవారు. అది మన షరాబే. అరబ్బీ నుంచి వచ్చిన ఒక్క మాటే అటూ ఇటూ తిరిగింది. ఈ మాట దగ్గర మన తీరానికి రాక తప్పదు. డచ్చివాళ్ళు 1606 నాటికి, ఇంగ్లీషువాళ్ళు 1611లో మచిలీపట్నంలో దిగారు. జావా, మొలుక్కా దీవుల్లో మిరియాలు, జాజికాయ కొనాలంటే అక్కడ చెల్లేది మన కలంకారీ, మన నేతబట్ట. ఆ బట్ట కొనడానికి యూరప్ సరుకు ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు. అంచేత వాళ్ళు పెట్టెల్లో తెచ్చినది ప్రధానంగా వెండి, ఆ తొలి దశాబ్దాల్లో అందులో పెద్ద భాగం స్పానిష్ రెయాళ్లు. గోలకొండ రాజ్యంలో చెలామణి అయ్యేది బంగారు వరహా. రెయాలు ఇక్కడ నాణెంగా కాదు, తూకం వెండిగానే దిగింది. షరాబు తూచాడు, వన్నె కట్టాడు, వరహాలిచ్చాడు. ఆ వరహాలు దళారి చేతి మీదుగా నేతగాడికి బయానాగా వెళ్ళాయి, వాడి మగ్గాన్ని కంపెనీకి కట్టేశాయి. వెండి మూసలోకి వెళ్ళింది. రోచా కల్తీ, రాజు ముద్ర, అధికారి అక్షరం అన్నీ ఆ మూసలో కరిగిపోయాయి.

అందుకనే మచిలీపట్నం ఇసుకలో యంత్రం పట్టుకు తిరిగితే ఫ్లోరిడాలో దొరికినట్టు రెయాళ్లు దొరుకుతాయని ఆశపడనక్కర్లేదు. (మన దేశంలో భూమిలో దొరికిన పది రూపాయల విలువ మించిన నిక్షేపాన్ని కలెక్టరుకు తెలపాలని 1878 చట్టం. ఉత్సాహవంతులు గమనించాలి.) ఓడ మునిగితేనే నాణెం మిగిలింది. ఓడ క్షేమంగా చేరి, వ్యాపారం జరిగి, లాభం వచ్చిన చోట నాణెం మిగలలేదు. నేడు ప్రదర్శనశాలల్లో, వేలంపాటల్లో మనం చూసే తీరప్రాంతపు వెండి చాలా మటుకు ఆ వ్యాపారం విఫలమైన రోజులది. దాని మామూలు రోజు ఎలా ఉండేదో ఆ వెండి చెప్పదు. మన ప్రాచీన సాహిత్యంలోనూ ఇదే ఇబ్బంది ఉంది. పెట్టెలో పెట్టి ఎవరూ ముట్టని తాళపత్రం మిగిలింది. రోజూ నోట నలిగిన రోకటి పాట గొంతు మారినప్పుడల్లా కరిగి కొత్త పాటైపోయింది. మిగిలినదాన్నే సాహిత్యం అనుకుంటే చరిత్ర తలకిందులవుతుంది.

దొరికిన వెండి ఎవరిదన్న ప్రశ్నకు కోర్టు ఇచ్చిన జవాబు ఇంకా విచిత్రం. స్పెయిన్ యుద్ధనౌక మెర్సెదెస్ 1804 అక్టోబరు 5న పోర్చుగల్ తీరానికి దగ్గర్లో ఇంగ్లీషు ఓడల దెబ్బకు పేలిపోయింది. 2007లో ఒడిస్సీ అనే అమెరికన్ కంపెనీ సముద్రపు అడుగు నుంచి దాదాపు ఆరు లక్షల నాణేలు, ఎక్కువగా వెండివి, సుమారు 17 టన్నులు పైకి తీసి ఫ్లోరిడా చేర్చింది. స్పెయిన్ దావా వేసింది. పెరూ కూడా వేసింది: ఈ వెండి మా నేలది, ఈ నాణేలు లిమా టంకశాలలో అచ్చయినవి, మాకు రావాలి అని. నాణెం చదవడం తెలిసినవాడికి పెరూ మాటలో నిజం కళ్ళకు కడుతుంది. టంకశాల అక్షరాలే సాక్ష్యం. కోర్టు ఆ అక్షరాలు చదవలేదు, ఓడ జెండా చదివింది. మునిగింది స్పెయిన్ యుద్ధనౌక గనక, పరాయి సార్వభౌముడి ఓడ మీద తమకు అధికారం లేదు గనక, సరుకు స్పెయిన్‌కు అప్పగించమంది. 2012 ఫిబ్రవరిలో రెండు సైనిక విమానాలు ఆ వెండిని స్పెయిన్ చేర్చాయి. 1804లో మధ్యలో ఆగిన ప్రయాణం అలా పూర్తయింది. నిధివేట కంపెనీకి దక్కకపోవడం నాకు సంతోషమే. ఓడ శిథిలాన్ని పద్ధతిగా పరిశీలించకుండా నాణేలు ఏరుకుపోవడం గ్రంథంలోంచి పద్యాలు చింపుకుపోవడం లాంటిది. కాని గెలిచింది పురాతత్వం కూడా కాదు.

గని కూలీ గొంతు వినాలంటే నాణెం చాలదు, మరో రకం నిక్షేపం కావాలి. అలాంటిది ఒకటి దొరికింది, యంత్రంతో కాదు, గ్రంథాలయంలో. 1908లో రిచర్డ్ పీట్ష్‌మన్ అనే జర్మన్ పండితుడు కోపెన్‌హేగన్ రాజ గ్రంథాలయంలో ఒక రాతప్రతిని గుర్తించాడు. దాదాపు 1,200 పుటలు, 398 బొమ్మలు. రాసినవాడు ఆండీస్ కొండల మనిషి, ఫెలీపె గువామన్ పోమ దె అయాల. రాసింది 1615 నాటికి. తన కెచువా మాటలు కలిసిన స్పానిష్‌లో, స్పెయిన్ రాజు మూడో ఫిలిప్‌ను ఉద్దేశించి, ఒక సామ్రాజ్యం తన జనాన్ని ఎలా నలిపిందో ఊరు ఊరునా, అధికారి అధికారినా పేరు పెట్టి చెప్పాడు. గనుల అధికారులు కురాకాలను, అంటే ఊరి పెద్దలను, ఎలా కొట్టించారో బొమ్మ గీసి చూపించాడు. 1936లో పారిస్‌లో ఆ రాతప్రతి ఛాయా ముద్రణ వచ్చింది. ఇప్పుడు కోపెన్‌హేగన్ గ్రంథాలయం దాన్ని ఎవరైనా చూసేలా డిజిటల్ ప్రతిగా పెట్టింది. మన సాహిత్య విద్యార్థులు చూడాలి. భాష రాకపోయినా బొమ్మలు అర్థమవుతాయి.

అందులో పొతోసి బొమ్మ ఒకటుంది. కింద ఊరు, దాని మీద కొండ. కొండ పైన ఇంకా రాజు, అతని చుట్టూ నాలుగు దిక్కుల ప్రభువులు. మధ్యలో హెర్క్యులిస్ స్తంభాలు, స్పెయిన్ రాజు నినాదంతో సహా, 1652 తరవాత పొతోసి వెండి మీద అలల నడుమ కనిపించే అవే రెండు స్తంభాలు. నాణెం మీద అవి నీళ్ళలోంచి వాటంతట అవే లేచి నిలబడతాయి. గువామన్ పోమ బొమ్మలో వాటిని చేతులతో ఎత్తి పట్టుకుని నిలబెట్టింది ఇంకా రాజు, అతని మనుషులు.